బెంచీ మీద మా అమ్మాయి

పిల్లల చేత 'ర' పలికించడం నా వృత్తి. ఇంత చదువు చదివింది ఒక్క అక్షరం నేర్పడానికా అని మా నాన్న చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు. నిజానికి నత్తి ఉన్నవాళ్లు వస్తారు, చెవిటి మిషను పెట్టుకున్న పిల్లలు వస్తారు, మూడేళ్లు నిండినా నోరు విప్పని పిల్లలు వస్తారు. కానీ తొంభైల చివరి రోజుల్లో, బెంగళూరు రామమూర్తినగర్‌లో మా షెడ్డు ముందు బెంచీ మీద ఎప్పుడు చూసినా కూర్చుని ఉండేది మాత్రం 'ర' పిల్లలే.

షెడ్డు అంటే కారు షెడ్డు. మాకు కారు లేదు. పైన ఉండే ఇంటి ఓనరుకూ లేదు. ఎప్పటికైనా కొంటానని ముందుగా షెడ్డు కట్టించి పెట్టుకున్నాడు. కారు వచ్చేదాకా వాడుకోమ్మా అన్నాడు, నేను పదేళ్లు వాడుకున్నాను. గోడలకు సున్నం కొట్టించి, ఒక అద్దం, రెండు చిన్న కుర్చీలు, ఒక తేనె సీసా పెట్టి, బయట మూడు భాషల్లో బోర్డు తగిలించాను. షట్టరు ఎత్తితే క్లినిక్కు, దించితే షెడ్డు. వెనక గోడకు ఒక తలుపు ఉండేది, అది మా వంటింట్లోకి తెరుచుకునేది.

'ప' నేర్పాలంటే పెదాలు చూపిస్తే చాలు, పిల్లలు చూసి పట్టేస్తారు. 'ర' అలా కాదు. జరిగేదంతా నోటి లోపల, పైపళ్ల వెనకాల జరుగుతుంది. నాలుక కొన లేవాలి, తగలాలి, తగిలి ఆగకూడదు, వణకాలి. ఇదంతా పట్టని తల్లిదండ్రులు గట్టిగా అంటే వస్తుందనుకుంటారు. "ర అనురా! ర! ర!" అని వాడి చెవిలో అరుస్తారు. వాడు అంతకంటే గట్టిగా "ల!" అంటాడు. బ్యాంకులో పనిచేసే ఒకాయన కొడుకు చేత నాలుగు గీతల పుస్తకంలో 'ర' అక్షరాన్ని రోజుకు వందసార్లు రాయించాడు. ఆ పిల్లవాడి చేతిరాత బ్రహ్మాండంగా బాగుపడింది.

నా పద్ధతి వేరు. పైపళ్ల వెనక ఎత్తుగా ఉండే చోట చిన్న పుల్లతో తేనె చుక్క అంటించి నాలుక కొనతో నాకమంటాను. నాలుకకు చోటు తెలుస్తుంది. ఆ చోట 'డ డ డ డ' అనిపిస్తాను, మొదట మెల్లగా, తర్వాత వేగంగా. 'డ'ను పరిగెత్తించగా పరిగెత్తించగా ఎక్కడో కాలు జారి 'ర'లో పడుతుంది. కొందరికి వారంలో పడుతుంది, కొందరికి ఆరునెలలు పడుతుంది. అందాకా ఓపిక పట్టాలి. తర్వాతి రోజుల్లో సాఫ్ట్‌వేర్ వాళ్లుండే బ్రూక్‌ఫీల్డ్ నుంచి కార్లలో వచ్చినవాళ్లు మా పాపకు అమెరికా 'ర' కావాలండీ, నాలుక వెనక్కి మడిచేది, అని అడిగినప్పుడు కూడా ఓపిక పట్టాను.

ఓపిక నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. అందుకని రెండు గొంతులు పెట్టుకున్నాను. షెడ్డులో ఒకటి: "శభాష్ బంగారూ, ఇంకొక్కసారి అందామా?" వంటింట్లో ఒకటి, దాన్ని ఇక్కడ రాయను. మధ్యలో ఆ తలుపు. అటునుంచి ఇటు గడప దాటగానే గొంతు దానంతటదే మారిపోయేది. రోజంతా మింగుకున్న విసుగంతా ఇంట్లోవాళ్ల మీద కక్కేదాన్ని. మా ఆయన బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగి, తప్పించుకునేవాడు. దొరికేది మా అమ్మాయి.

ఇప్పుడు అసలు సంగతి. మా అమ్మాయికి 'ర' రాదు.

మూడేళ్లప్పుడు "లోడ్డు మీద లాలీ" అంటే అందరం ముద్దు చేశాం. అయిదేళ్లప్పుడు నేను ముద్దు చేయడం మానేశాను. ఆరు దాటి ఒకటో తరగతిలో పడ్డాక కూడా "అమ్మా, లేపు స్కూలు లేదు" అంటుంటే నాకు తలకొట్టేసినట్టుండేది. బయట బోర్డు, లోపల ఈ పిల్ల. పైగా దాని పేరులోనే 'ర' ఉంది. పేరు పెట్టేటప్పుడు ఆలోచించలేదు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు పిల్లలకు పేరు పెట్టే హక్కు ఉండకూడదు.

సొంత పిల్లలకు మనం నేర్పకూడదని, మైసూరులో ఈ చదువు చదివేటప్పుడు మా టీచరు చెప్పింది. అది చేతకానివాళ్లకు చెప్పిన మాట అనుకున్నాను. వంటింట్లో దోసెలు పోస్తూ పాఠం మొదలుపెట్టేదాన్ని.

"ర అను."

"ల."

"ల కాదే, ర."

"అదే కదమ్మా అంటున్నా. ల."

మూడోసారికి అట్లకాడ పెనం మీద మోగేది. నాలుగోసారికి దాని కళ్లలో నీళ్లు. ఐదోసారికి మా అత్త వచ్చి పిల్లను చంకనేసుకుపోయేది. ఆమె పుట్టి పెరిగిందంతా బెంగళూరే, వాళ్ల తాతలు ఎప్పుడో అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్లు. నా చదువు మీద ఆమెకు గౌరవం ఉంది గానీ నమ్మకం లేదు.

"పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు సూడమ్మా, అట్ల ఉండాది నీ సదువు," అనేది. "సుమ్మన ఉండు. నేను సూసుకుంటాను."

ఆమె చూసుకున్న తీరు ఇది. మొదట వసకొమ్ము తేనెలో అరగదీసి నాలుకకు రాసింది. మా అమ్మాయికి మాటలు ఎక్కువయ్యాయి, అన్నింటిలోనూ 'ల'లే. తర్వాత చిలక కొరికిన జామపండు. చిలక కొరికిన పండు తింటే చిలకలా మాటలొస్తాయని ఆమె నమ్మకం. రామమూర్తినగర్‌లో చిలక ఎక్కడుంది? కె.ఆర్.పురం సంతకు పోయి జామపళ్ల బుట్ట ముందు కూర్చుని కొరికినవి ఏరేది. అమ్మేవాడు ఈ ముసలమ్మకు మతి చలించిందనుకుని పుచ్చినవన్నీ ఊరికే ఇచ్చేసేవాడు. ఒకరోజు ఒక పండును వెలుగులో తిప్పి తిప్పి చూసి, "ఇది ఉడత కొరికినట్టుండాదే," అని అనుమానపడింది. ఉడత కొరికినది తింటే ఏమవుతుందో ఆమెకూ తెలియదు. మా అమ్మాయి అది కూడా తినేసింది.

నేను చేసిన పని ఇంకా అన్యాయం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పేషంట్లు వచ్చే వేళ దాన్ని మాట్లాడవద్దన్నాను. "నాలుగు నుంచి ఏడు దాకా షెడ్డు వైపు రావద్దు. వచ్చినా ఎవరితోనూ నోరు విప్పొద్దు," అని గట్టిగా చెప్పాను. ఎందుకని అడగలేదు. తల ఊపింది. అంత వాగుడుకాయ ఆ మూడు గంటలూ నోట్లో నాలుక లేనిదానిలా తిరిగేది.

ఒక సాయంత్రం దగ్గర్లోని ఒక ఇంగ్లీషు మీడియం స్కూలు హెడ్‌మిస్ట్రెస్ మా క్లినిక్కు వచ్చింది. కోలారు వైపు మనిషి, ఇంట్లో తెలుగే. తన స్కూల్లో మాట సరిగా రాని పిల్లలందరినీ నా దగ్గరికి పంపుదామని, ముందు నన్ను ఒకసారి చూసి పోదామని వచ్చింది. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. కుర్చీ తుడిచాను, కాఫీ తేవడానికి వంటింట్లోకి పోయాను. తిరిగొచ్చేసరికి మా అమ్మాయి బాల్ కోసం షెడ్డులోకి వచ్చి ఆమెకు దొరికిపోయింది.

"నీ పేరేంది పాపా?" అని అడుగుతోంది హెడ్‌మిస్ట్రెస్.

మా అమ్మాయి నా వైపు చూసింది. పెదాలు గట్టిగా బిగించి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"అయ్యో పాపం," ఆమె కాఫీ కూడా అందుకోలేదు. "ఎంత ముద్దుగా ఉండాది! మాటే రాదా మేడం?"

మా అమ్మాయేనండీ అనడానికి నోరు తెరిచాను. నోరు తెరిచింది నేనే, మాట్లాడింది మాత్రం నాలో ఉన్న ఇంకెవరో.

"వస్తుందండీ. కొన్నాళ్లు ట్రీట్‌మెంట్ కావాలి."

"వీళ్లమ్మ ఏడ ఉండాది?"

"ఇప్పుడే వస్తుందండీ," అన్నాను.

ఆమె మా అమ్మాయి తల నిమిరి, హ్యాండ్‌బ్యాగులోంచి చాక్లెట్ తీసి చేతిలో పెట్టి, "బెదరొద్దు కన్నా. మిస్ నీకు మాట తెప్పిస్తుంది," అని ధైర్యం చెప్పింది. మా అమ్మాయి ఎంతో నమ్మకంగా తల ఊపింది.

ఆమె పోయాక మా అమ్మాయి ఏదైనా అడుగుతుందేమోనని చూశాను. ఏమీ అడగలేదు. మెట్ల మీద కూర్చుని చాక్లెట్ తింది. చిన్నపిల్ల కదా, అర్థమై ఉండదులే అని నాకు నేను చెప్పుకున్నాను. తలుపు వెనక అన్నీ విన్న మా అత్త మాత్రం ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం ఏడాదికి ఒకసారి కూడా జరగదు.

మర్నాడు నాలుగు గంటలకు షట్టరు ఎత్తాను. బెంచీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు. ముగ్గురు పేషంట్లు, నాలుగోది మా అమ్మాయి. మొహం కడుక్కుని పౌడరు రాసుకుంది. రెండు జడలూ తనే వేసుకుంది, ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్నాయి. స్కూలు సంచీ ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది.

"లోపలికి పోవే," అన్నాను నెమ్మదిగా.

"నేను పేషంటు," అంది. "నా తల్వాత వీళ్లు కాదు, వీళ్ల తల్వాత నేను. మిస్."

వచ్చిన పిల్లలంతా నన్ను మిస్ అనే పిలుస్తారు. అది కూడా అలాగే పిలిచింది. ఎగతాళి కాదు, ఆ వయసుకు ఎగతాళి తెలియదు. పెద్దవాళ్లు ఒక ఏర్పాటు చేశారు, తను పాటిస్తోంది, అంతే. పక్కన పిల్లల తల్లులు చూస్తున్నారు. వాళ్ల ముందు వంటింటి గొంతు తీయలేను. దాని వంతు వచ్చాక తప్పనిసరై పిలిచాను.

"రా బంగారూ."

మా అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది, బంగారు ఎవరా అని. ఎవరూ లేరు. లేచి వచ్చింది.

కుర్చీలో నిటారుగా కూర్చుంది. నోరు తెరవమంటే తెరిచింది, తేనె అంటిస్తే నాలుక పెట్టింది, 'డ డ డ' అంటే అంది. వంటింట్లో అయిదు నిమిషాలు నిలవని పిల్ల ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చుంది. నేను కూడా ఒక్కసారీ విసుక్కోలేదు. విసుక్కోవడానికి వీల్లేదు, షట్టరు తీసి ఉంది. వెళ్లేముందు "థాంక్యూ మిస్, లేపు వస్తా," అంది. బయటికి పోయి, ఇల్లు చుట్టి, వెనక గుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ఆకలి," అంది. మధ్యలో ఉన్న తలుపు గుండా మాత్రం రాలేదు.

అది రోజూ అయింది. బెంచీ, వంతు, ఇరవై నిమిషాలు, థాంక్యూ మిస్. మొదట్లో నాకు నవ్వొచ్చింది. తర్వాత ఒకరోజు, కూరగాయలు తరుగుతూ మా అత్త సంతోషం పట్టలేక చెప్పింది.

"నీ కూతురు ఏమంటాదో తెలుసా? మిస్ శానా మంచిదంట. అరవదంట. బంగారూ అంటాదంట."

"మంచిదే కదత్తా," అన్నాను.

"మంచిదే. మరి అమ్మ ఎట్లాదే అని అడిగినా."

"ఏమంది?"

"ఏమీ అనలా. పోయి ఆడుకునింది," అంది మా అత్త.

ఆ బెంచీ మీదికే హొసకోటె నుంచి బస్సులో ఒక తండ్రీ కూతురూ వచ్చేవాళ్లు. తండ్రి మేస్త్రీ, కదిరి దగ్గర పల్లె నుంచి వలస వచ్చి ఇళ్ల పనులు చేస్తున్నాడు. కూతురికి ఏడేళ్లు, 'ర'కు బదులు 'య' అనేది. అతను పని మానుకుని వచ్చేవాడు కాబట్టి నేను చేసే ప్రతిదీ కళ్లప్పగించి చూసేవాడు. ఒకరోజు ఆ పిల్ల చేత ఆటో స్టార్ట్ చేసే శబ్దం అనిపిస్తున్నాను. ట్ర్ర్ర్ర్ అని నేను, త్య్యయ్య అని ఆ పిల్ల. పది నిమిషాలు అయ్యాక అతను ఉండబట్టలేకపోయాడు.

"మేడమ్మా, ఇంతసేపూ నాలికె ఆడిచ్చేదానికేనా ఈ తిప్పలంతా?"

"అవునప్పా."

"ఇది మేము గొర్లకాడ దినామూ సేసే పనే గదా," అని, చిన్నప్పుడు గొర్రెలు కాసిన మనిషి, గొంతు సవరించుకుని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "డుర్ర్ర్ర్ర్ర్ర్! డుర్ర్ర్ర్ర్ర్ర్! హేయ్!" అన్నాడు.

రేకుల షెడ్డు. అద్దం అదిరింది. బెంచీ మీది పిల్లలంతా లోపలికి పరిగెత్తుకొచ్చారు. వీధికుక్క ఒకటి లేచి మొరిగింది. పైనుంచి ఇంటి ఓనరు తల వంచి, "ఏమ్మా, షెడ్డులోకి మేకలేమన్నా దూరినాయా?" అని అడిగాడు. మేస్త్రీ సిగ్గుపడి తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. నేను మాత్రం అతని నాలుకనే చూస్తున్నాను. మైసూరులో నాలుగేళ్లు చదివినా నాకు అంత అందంగా వణికే నాలుక కనబడలేదు.

"ఇంకోసారి అనప్పా," అన్నాను.

ఆ రోజు నుంచి అద్దం, తేనె పక్కన పెట్టి గొర్రెలు తోలించాను. వంతు వచ్చేదాకా బెంచీ మీద కూర్చునే పిల్లలు మేడమెట్ల మీద గొర్రెల ఆట మొదలుపెట్టారు. మేస్త్రీ కూతురు కాపరి, మా అమ్మాయి గొర్రె. మర్నాడు అటుదిటు. పదిహేను రోజుల్లో మేస్త్రీ కూతురికి 'ర' వచ్చింది. పిల్ల "రాగిముద్ద" అన్నప్పుడు మేస్త్రీ ఏడ్చేశాడు. అతని వైద్యానికి అతనే నాకు దండం పెట్టాడు, నేను సిగ్గు లేకుండా అందుకున్నాను.

ఇద్దరూ ఒకే ఆట ఆడారు. మా అమ్మాయికి మాత్రం రాలేదు. కుర్చీలో కూర్చుని నాలుక లేపుతుంది, సరైన చోట పెడుతుంది, ఇక వచ్చేస్తోంది అని నేను ఊపిరి బిగబడతాను, ఆఖరి క్షణంలో "ల" అంటుంది. పాత పుస్తకాలు దించి దుమ్ము దులిపాను. నాలుక కింద తంతువు పొట్టిగా ఉందేమోనని టార్చి వేసి చూశాను, శుభ్రంగా ఉంది. చెవులు చూశాను. మైసూరు తీసుకుపోయి మా టీచరు కాళ్ల మీద పడదామనుకున్నాను. మా అత్త గుడికి ఇత్తడి గంట మొక్కుకుంది, పిల్ల గొంతు గంటలా మోగాలని. ఎవరికీ చెప్పలేదు గానీ, నేనూ మొక్కుకున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం మిద్దె మీద ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్లాను. దిగుతుంటే మెట్ల మలుపులో గొంతులు వినబడ్డాయి. కింద పిల్లలు ఆడుకుంటున్నారు.

"డుర్ర్ర్ర్ర్! రా, రా, నల్ల గొర్రే! రోడ్డు మీదికి పోవద్దు, లారీ వస్తుంది! ఓయ్, చారల గొర్రే, నిన్నే!"

మేస్త్రీ కూతురు అనుకున్నాను, 'ర' గట్టిపడేదాకా శనివారాలు తీసుకురమ్మన్నాను కదా అని. వంగి చూస్తే ఆ పిల్ల నాలుగు కాళ్ల మీద గొర్రెలా మెట్లెక్కుతోంది. కర్ర పట్టుకుని తోలుతున్నది మా అమ్మాయి.

బట్టలు అక్కడే మెట్ల మీద దించి కూర్చున్నాను. మాట మొదట్లో 'ర' వచ్చింది. మధ్యలో వచ్చింది. గొర్రెలో వచ్చే 'ర్ర' అన్నింటికంటే కష్టం, అది కూడా వచ్చింది. ఎగిరి గంతేయాలనిపించింది. పిలిచి ముద్దు పెట్టుకుందామనుకున్నాను, నాలుగుకు తానే వచ్చి చూపిస్తుందిలే, ఆ సంతోషం దానికి ఉంచుదామని ఆగిపోయాను.

నాలుగైంది. వంతు వచ్చింది. వచ్చి కూర్చుంది.

"రోడ్డు అను బంగారూ," అన్నాను, చెవులు రిక్కించి.

"లోడ్డు," అంది.

"గొర్రె?"

"గొల్లె." నా మొహంలోకి చూసి మరీ అంది, పోలీసుల ముందు అబద్ధం చెప్పే దొంగలాగా.

నాకు కోపం వచ్చింది. నిజమైన కోపం, వంటింటిది, మొదటిసారి తలుపు దాటి షెడ్డులోకి వచ్చింది. నెలల తరబడి నన్ను ఏడిపించిందా ఈ పిల్ల? షట్టరు సగానికి లాగాను.

"మెట్ల మీద ఇందాక గొర్రెలు తోలింది ఎవరు?"

మా అమ్మాయి బయటికి చూసింది, లోపలికి చూసింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"నేను విన్నాను," అన్నాను. "నీకు 'ర' వచ్చింది. ఎప్పుడు వచ్చింది?"

"శానా రోజులైంది," అంది వాళ్ల అవ్వ భాషలో. అందులోని 'రో' గుండ్రంగా, తప్పు పట్టడానికి లేకుండా ఉంది.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

 గౌను అంచు మెలిపెట్టింది.

"ర వచ్చేస్తే నన్ను ఇంక బెంచీ మీద కూర్చోనివ్వరు కదా," అంది. "రేపట్నుంచి నువ్వు మిస్ కాదు. మళ్లీ అమ్మవైపోతావు. అరుస్తావు."

నా చెవి పాడు చెవి. ఆ మాటలు గుండెలో దిగుతుంటే కూడా 'ర'లు లెక్కబెట్టింది. ఒక్కటీ తప్పు లేదు.

ఏడుపొచ్చింది. కొడుకుల్ని కసిరే తండ్రులకు, కూతుళ్లను గిల్లే తల్లులకు అదే కుర్చీలో కూర్చుని నేను ఎన్నిసార్లు చెప్పానో: అరవకండి, భయపడిన నాలుక లేవదు. అందరికీ చెప్పాను. నా కూతురు తలుపు అవతల నించుని వినే ఉంటుంది, ఈ మంచి ఆవిడ ఎవరా అని.

"ఆ రోజు ఆ మేడంతో మీ అమ్మ వస్తుంది అన్నాను చూడు," అన్నాను. "నేనే మీ అమ్మనని చెప్పాల్సింది. తప్పు చేశాను."

"తెలుసు," అంది మామూలుగా. "నాకు ర రాదని నీకు సిగ్గు."

 దగ్గరికి తీసుకున్నాను. కాసేపు బిర్రబిగుసుకుని ఉండి, తర్వాత తల నా భుజం మీద పెట్టింది. బయట బెంచీ మీంచి ఒక తల్లి షట్టరు కింద నుంచి తొంగిచూసి, "మేడం, ఇంకా లేటవుతుందా?" అని అడిగింది. "అవుతుందండీ, మా అమ్మాయి ఉంది," అన్నాను.

సోమవారం ఆ హెడ్‌మిస్ట్రెస్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇక పిల్లల్ని పంపదనుకున్నాను. ఆమె పెద్దగా నవ్వింది. "నేను ముప్పై ఏండ్లు లెక్కల టీచరమ్మా. మా కొడుక్కి ఎక్కాలు వచ్చేవి కావు. వాన్ని మా స్కూల్లో చేర్చకుండా పక్క స్కూల్లో ఏసినా," అంది. పిల్లల్ని పంపింది. 'ర' రాని తన మనవణ్ణి కూడా పంపింది.

ఆ తర్వాత నేనెప్పుడూ అరవలేదని రాస్తే మా అమ్మాయి ఇది చదివి పకపకా నవ్వుతుంది. అరిచాను. కానీ షెడ్డులో ఆ మాటలైన శనివారానికి మర్నాడు జరిగింది ఒకటి చెప్పాలి. ఆదివారం, అందరం ఇంట్లో ఉన్నాం. నేల మీద చాప వేసుకుని భోజనానికి కూర్చున్నాం. ఆ చాప కొత్తది, వారం కూడా కాలేదు. మా అమ్మాయి గిన్నె వైపు చేయి చాచింది. చెయ్యి తగిలిందో, తనే తోసిందో నాకు ఇప్పటికీ తెలియదు. గిన్నెడు చారూ చాప నిండా పారింది.

"అమ్మా, చారు ఒలికిపోయింది," అంది.

"ర!" అని అరిచాడు మా ఆయన. "ర అంది! విన్నారా?"

"జామపండు!" అంది మా అత్త చేతులు జోడించి. "నేను సెప్పలేదా? జామపండు, గంట! ఆ దేవుడు సల్లగుండాల!"

వాళ్లిద్దరూ సంబరంగా దాని తల నిమురుతున్నారు. అది వాళ్ల వైపు చూడడం లేదు. చారు కారి నా చీర దాకా వస్తున్నా కదలకుండా, నా మొహం వైపే చూస్తోంది.

లేచి వెళ్లి గుడ్డ తెచ్చాను. తుడిచాను. చారు కింద దాకా ఇంకింది, రెండుసార్లు తుడవాల్సి వచ్చింది. నాలుక పైకి లేవబోయింది, పళ్ల వెనకే పట్టి ఉంచాను. గుడ్డ పిండుకొచ్చి మళ్లీ కూర్చుని, పొయ్యి మీద మిగిలిన చారు తెచ్చి గరిటె పట్టుకున్నాను.

"వెయ్యనా?" అన్నాను.

ఇంకా నా మొహమే చూస్తోంది. తర్వాత కంచం ముందుకు జరిపి, "వెయ్యమ్మా," అంది.